పశువుల మందుల లెక్క: కొత్తగా సిరంజి పట్టుకునేవాళ్లకి

అమ్మా, నువ్వు అడిగింది ఇదీ. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి పొదిలి దగ్గర పల్లెలో సహాయకురాలిగా చేరావు. సెంటర్ అల్మారా నిండా మందులున్నాయి, ఫార్మకాలజీ పుస్తకం తీస్తే ఒక్క పేరూ గుర్తుండటం లేదు, డాక్టర్‌గారు ఫోన్‌లో డోసు చెప్తున్నా సిరంజి పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. పాలు చేపడానికి ఇంజెక్షన్ ఇమ్మనే రైతులకి ఏం చెప్పాలని కూడా అడిగావు, అది చివర్లో చెప్తాను. నేను కందుకూరు, కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో పశువైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి. నీలాంటి కొత్త పిల్లలతో చాలా ఏళ్లు కలిసి పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

పేర్లు గుర్తుండకపోవడం గురించి బెంగపడకు. ఏ జబ్బుకి ఏ మందో తేల్చేది డాక్టర్. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టంలో 30వ సెక్షన్ కూడా అదే చెప్తుంది, రిజిస్టరైన డాక్టర్ పర్యవేక్షణలో, ఆయన చెప్పిన ప్రకారం చిన్నపాటి వైద్య సేవలు చేయడం వరకే డిప్లొమా వాళ్లకి అధికారం. కానీ అల్మారాలోంచి సీసా తీసేది నువ్వు, మందు లాగేది నువ్వు, సూది దింపేది నువ్వు. ఫోన్‌లో ఉన్న డాక్టర్‌కి నీ చేతిలో ఏ సీసా ఉందో, ముందు నిలబడ్డ బర్రె ఎంత బరువుందో, చూడిదో కాదో కనపడదు. అవి కనపడేది నీకే. అందుకని నువ్వు ముందు నేర్చుకోవాల్సింది ఆ పశువుకీ ఆ సీసాకీ మధ్య ఉండే లెక్క. అది గట్టిగా వస్తే పేర్లు వాటంతటవే వస్తాయి.

మన పల్లెల్లో డోసులన్నీ ఎంఎల్‌లలోనే నడుస్తాయి. "బర్రెకి పదిహేను, దూడకి అయిదు" అంటారు. ఈ అలవాటు నీకు అంటుకోకముందే వదిలించుకో. డోసు ఎప్పుడూ కేజీ బరువుకి ఇన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది. ఎంఎల్ ఎంతో సీసాని బట్టి మారుతుంది. ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సంగతే తీసుకో. మామూలు సీసాలో ఎంఎల్‌కి 50 మిల్లీగ్రాములుంటుంది, లాంగ్ యాక్టింగ్ అని రాసిన సీసాలో 200 ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా దాదాపు ఒకటే. డాక్టర్ "ఆక్సీ ముప్పై ఎంఎల్ వేయమ్మా" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒక సీసా, నీ చేతికొచ్చింది ఇంకొకటి అయితే నాలుగింతలు తేడా వచ్చేస్తుంది. అందుకే ఫోన్ పెట్టేసే ముందు లేబుల్ మీదది పైకి చదివి వినిపించు, "సార్, ఇది ఎంఎల్‌కి 200 ఉన్న లాంగ్ యాక్టింగ్ అండీ, ఆవు 300 కేజీలుంటుంది, కేజీకి 20 చొప్పున 6000 మిల్లీగ్రాములు, అంటే 30 ఎంఎల్, కండకి, ఒక్కోచోట పదికి మించకుండా మూడు చోట్ల, కరెక్టేనా?" అని. ఏ డాక్టరూ దీనికి విసుక్కోడు. విసుక్కున్నా నువ్వు మానొద్దు.

లేబుల్ మీద శాతంలో రాసి ఉంటే కంగారుపడకు. 1 శాతం అంటే ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు, ఇదొక్కటి గుర్తుంటే అన్నీ వచ్చేస్తాయి. ఎన్రోఫ్లోక్సాసిన్ 10 శాతం అంటే ఎంఎల్‌కి 100. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ 1 శాతం, అంటే ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు. దాని డోసు కేజీకి 0.2 మిల్లీగ్రాములు కాబట్టి 50 కేజీలకి ఒక ఎంఎల్, చర్మం కింద. ముప్పై కేజీల గొర్రెకి 0.6 ఎంఎల్. ఇంత తక్కువ మందుని పది ఎంఎల్ సిరంజిలో కొలవడం కుదరదు, చిన్న సిరంజి తీసుకోవాలి.

బరువు తెలియకుండా ఈ లెక్కేదీ నడవదు. మన జిల్లాల్లో ఒకే ఉదయం ఒక ఒంగోలు గిత్తనీ ఒక నెల్లూరు జొడిపి గొర్రెనీ చూడాల్సి వస్తుంది, ఒకటి అయిదు వందల కేజీలు దాటి ఉంటుంది, ఇంకోటి ముప్పై చుట్టూ. కంటితో బరువు చెప్పడంలో అనుభవం ఉన్నవాళ్లు కూడా బాగా తప్పుతారు, ముఖ్యంగా చూడి పశువుల్లోనూ, బక్కచిక్కి ఎత్తుగా ఉన్నవాటిలోనూ. దర్జీ టేపు ఒకటి సంచిలో పడేసుకో. ముందుకాళ్ల వెనక, ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకో, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరిదాకా పొడవు తీసుకో. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారుగా కేజీలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 54 అనుకో, 66 ఇంటూ 66 అంటే 4356, దాన్ని 54తో గుణించి 660తో భాగిస్తే 356 కేజీలు. ఇది ఉజ్జాయింపే, కానీ కంటి అంచనా కన్నా చాలా మేలు. గొర్రెల్ని అయితే ఏకంగా వేలాడే కాటా పెట్టి తూచెయ్.

గొర్రెల మాట వచ్చింది కాబట్టి నట్టల మందు గురించి ఇక్కడే చెప్తాను, మీ వైపు ఎక్కువగా పడే పని అదే. మందలో సగటు బరువు చూసి అందరికీ అదే పోస్తుంటారు. దాంతో పెద్ద గొర్రెలకి మందు చాలదు, చావని నట్టలు మిగులుతాయి, అవే పెరుగుతాయి, రెండేళ్లు తిరిగేసరికి ఆ మందు ఆ మందలో పనిచేయదు. కాబట్టి ఎదిగినవాటిలో అన్నిటికన్నా బరువున్నదాన్ని తూచి, ఆ లెక్కన ఎదిగినవాటికి పోయాలి. పిల్లల్ని వేరు చేసి వాటి బరువుకి వేరే లెక్క కట్టాలి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటివి కాస్త ఎక్కువైనా తట్టుకుంటాయి కాబట్టి ఈ పద్ధతిలో ఇబ్బంది లేదు. క్లోజంటెల్, లెవామిసోల్ అలా కాదు. క్లోజంటెల్ డోసు బాగా ఎక్కువైతే గొర్రెకీ మేకకీ కళ్లు పోతాయి, మళ్లీ రావు. లెవామిసోల్ ఎక్కువైతే చొంగ కారుస్తూ వణుకుతూ పడిపోతుంది. వీటిని పోసేటప్పుడు పిల్లలకి పెద్దవాటి డోసు పోయిందంటే కాపరికి పెద్ద నష్టం. డ్రెంచింగ్ గన్ (నోట్లోకి మందు కొట్టే పరికరం) వాడితే మొదట ఒక కొలత గ్లాసులోకి నాలుగైదు సార్లు కొట్టి చూడు, అది నిజంగా ఎంత వదులుతోందో తెలుస్తుంది. పాత గన్‌లు చాలావరకు కొలత తప్పే ఉంటాయి.

ఆల్బెండజోల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. పొట్టేలు కలిసిన మొదటి నెలలో ఉన్న గొర్రెకి ఇస్తే పిండం అవకరంగా ఏర్పడవచ్చు, ఆవుల్లో మొదటి 45 రోజులు ఇదే మాట. అందుకే పొట్టేళ్లు వదలకముందే నట్టల మందు పోయించెయ్యి. ఇప్పటికే వదిలేసి ఉంటే ఫెన్‌బెండజోల్ వాడొచ్చా అని డాక్టర్‌ని అడుగు. మేకల్ని కూడా గొర్రెల లెక్కలోనే వేసెయ్యకు. మేక కాలేయం కొన్ని నట్టల మందుల్ని గొర్రె కన్నా తొందరగా విరగ్గొట్టేస్తుంది, కేజీకి డోసు వేరే ఉంటుంది.

ఇక మందు ఏ దారిన లోపలికి వెళ్తుందన్నది. నోటి ద్వారా, చర్మం కింద, కండకి, నరానికి (అంటే రక్తనాళంలోకి) అని నాలుగు దారులు నువ్వు చదువుకున్నవే. ఏ సీసా ఏ దారికి పనికొస్తుందో మాత్రం లేబుల్ మీద చూసి తీరాలి. తెల్లగా, పాలలా, అడుగున పేరుకునే మందులు (ప్రొకైన్ పెన్సిలిన్ ఉన్న పొడి మందుల్ని నీళ్లు కలిపితే ఇలాగే వస్తాయి) బాగా కుదిపి కండకే వేయాలి. నరంలోకి పోతే పశువు అక్కడికక్కడే గిలగిల కొట్టుకుని పడిపోతుంది. కండకి వేసేటప్పుడు కూడా సూది దింపాక పిస్టన్‌ని ఒకసారి వెనక్కి లాగి చూడు, రక్తం వస్తే సూది తీసి ఇంకోచోట దింపు. నూనె మందులకీ ఇదే జాగ్రత్త. సూది మెడ దగ్గర దింపు. తొడ వెనక మాత్రం వద్దు, దూడల్లోనూ గొర్రెల్లోనూ అక్కడ కాలికి వెళ్లే పెద్ద నాడి దెబ్బతిని కాలు ఈడ్చడం మొదలవుతుంది.

నోటి ద్వారా పోసేటప్పుడు తల ఎత్తి పట్టుకోమని రైతుకి చెప్తే ఆయన ఆకాశంలోకి ఎత్తేస్తాడు. అలా ఎత్తితే మింగడం కుదరక మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మూడో రోజుకి న్యుమోనియా. మూతి కళ్ల ఎత్తు దాటకూడదు, నాలుక పట్టి లాగకూడదు, దగ్గితే వెంటనే తల వదిలెయ్యాలి. పాల జ్వరంతో పడిపోయి స్పృహ సరిగా లేని ఆవుకి నోట్లో ఏదీ పోయొద్దు. ఎదిగిన పశువుకి యాంటీబయాటిక్ మాత్రలు నోటి ద్వారా ఇవ్వకపోవడానికి కారణం కూడా తెలుసుకో. పెద్ద పొట్టలో మేతని పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి, ఆ మందు వాటినే చంపుతుంది, మేత ఆగిపోతుంది. దూడకి ఆ పొట్ట ఇంకా తయారు కాలేదు కాబట్టి దాని సంగతి వేరు.

నరానికి ఇచ్చే మందుల్లో కాల్షియం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే పాల జ్వరం మన బర్రెల్లో, జెర్సీ ఆవుల్లో నిత్యం చూసేదే, ఈ సీసా చేతిలో ఉంటే అందరికీ ధైర్యం వచ్చేస్తుంది. కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 ఎంఎల్ సీసా. ఈనిన ఒకటి రెండు రోజుల్లో పశువు పడిపోయి, తల డొక్క వైపు తిప్పుకుని, చెవులు చల్లగా, మూతి పొడిగా ఉందంటే కాల్షియం తగ్గి ఉండొచ్చు. కానీ సీసా ఎక్కించే ముందు థర్మామీటర్ పెట్టు. ఆవుకి మామూలుగా 101.5 డిగ్రీలుంటుంది, పాల జ్వరంలో పేరుకే జ్వరం, ఒళ్లు చల్లబడుతుంది. వేడి 104, 105 చూపించిందంటే, పొదుగు గట్టిగా ఉండి పితికితే నీళ్లలాంటి పాలు వచ్చాయంటే, అది ఒంట్లోకి విషం పాకిన పొదుగు వాపు కావచ్చు. అలాంటి పశువు గుండె అప్పటికే అలసి ఉంటుంది, దానికి కాల్షియం నరానికి వేస్తే చేతుల్లోనే పోతుంది. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, రెండు లక్షణాలూ చెప్పు.

కాల్షియమే అని డాక్టర్ ఖాయం చేశాక, సీసాని ఒంటి వేడికి తెచ్చుకో. సూది నరంలోనే ఉందని నిర్ధారించుకో. సీసా ఎత్తు తగ్గించి, 15 నుంచి 20 నిమిషాలు పట్టేలా నెమ్మదిగా పోనివ్వు. ఆ సేపంతా ఎడమ మోచేతి వెనక స్టెతస్కోప్ ఉంచు, లేకపోతే అక్కడ అరచేయి పెట్టి గుండె కొట్టుకోవడం చూస్తూ ఉండు. కాల్షియం గుండె కండరాన్ని బిగిస్తుంది కాబట్టి వేగంగా పోతే గుండె లయ తప్పి ఆగిపోతుంది. కొట్టుకోవడం మందగించినా, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించినా సీసా కిందికి దించెయ్యి, సర్దుకున్నాక మళ్లీ మొదలుపెట్టు. బాగుపడే పశువు తేన్పులు తీస్తుంది, కండలు వణుకుతాయి, గట్టిపడిన పేడ వేస్తుంది, ఆరిపోయిన మూతి మీద చెమట బొట్లు కడతాయి. ఆ బొట్లు కనిపిస్తే మందు పనిచేస్తోందన్నమాట. రైతు పక్కన నిలబడి "తొందరగా కానీయమ్మా, పొలానికి పోవాలి" అంటుంటాడు, అననీ.

ఇక జాతిని బట్టి మందు ఎలా తిరగబడుతుందో చెప్తాను. జైలజిన్ అనే మత్తు మందు ఉంది. గుర్రానికి ఎంత కావాలో అందులో పదో వంతు ఆవుకి చాలు, ఆవు దానికి అంత సున్నితం. 300 కేజీల ఆవుకి కేజీకి 0.1 మిల్లీగ్రాము చొప్పున 30 మిల్లీగ్రాములు, ఎంఎల్‌కి 20 ఉన్న సీసాలోంచి ఒకటిన్నర ఎంఎల్. ఎంఎల్‌కి 100 ఉన్న సీసాలు కూడా ఉంటాయి, అందులోంచి అదే ఒకటిన్నర తీస్తే అయిదింతలు. మత్తులో పడుకున్న ఆవుని పక్కకి వాలిపోనివ్వకుండా ఛాతీ మీద ఆనించి ఉంచాలి, లేకపోతే పొట్ట ఉబ్బి, నోట్లోకి వచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిండు చూడి పశువుకి ఈ మందు వేయకూడదు, ముందే ఈనేస్తుంది.

పారాసిటమాల్ మనుషులు వేసుకునేదే కదా అని పిల్లికి సగం మాత్ర వేసేవాళ్లున్నారు. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువు మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకి మారి చనిపోతుంది. కుక్కకి ఐబూప్రోఫెన్ ఇస్తే కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందు పిల్లికి రాస్తే మూర్ఛలొస్తాయి. కుక్కలూ పిల్లులూ మీ సెంటర్‌కి తక్కువే వస్తాయి కానీ వచ్చినప్పుడు ఇళ్లలో ముందే ఏదో వేసేసి తెస్తారు, కాబట్టి "ఇంట్లో ఏం వేశారు?" అన్నదే నీ మొదటి ప్రశ్న కావాలి.

నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడటం 2006లో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి, దేశంలో రాబందులు దాదాపు కనుమరుగయ్యాయి. మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు పశువులకి మళ్లుతున్నాయని 2015లో సీసాని 3 ఎంఎల్‌కి కుదించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి నిషేధించారు. మెలోక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ రాబందులకి హాని చేయవు. మెలోక్సికామ్ సీసాల్లో ఎంఎల్‌కి 5 మిల్లీగ్రాములున్నది మామూలు, కేజీకి అర మిల్లీగ్రాము చొప్పున 10 కేజీలకి ఒక ఎంఎల్ పడుతుంది. గాఢత ఎక్కువున్న సీసాలూ వస్తున్నాయి, మళ్లీ లేబులే చూడాలి. బాగా పారి నీరసించి కళ్లు లోపలికి పోయిన గొర్రెకి మాత్రం ముందు నీళ్లు, సెలైన్ ఎక్కించాకే నొప్పి మందు. ఒంట్లో నీరు లేనప్పుడు ఈ మందులు, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా, మూత్రపిండాల్నే కొడతాయి.

చూడి సంగతి ప్రతి పశువుకీ అడుగు. అడగకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేయడం మన వైపు ఎక్కువగా జరిగే తప్పు. జ్వరానికీ, మేత తినకపోవడానికీ, దురదకీ అన్నిటికీ అదొకటి కలిపేస్తుంటారు, పశువు సాయంత్రానికి లేచి మేత తింటే రైతుకి ఆనందం. కానీ ఆఖరి నెలల్లో ఉన్న బర్రెకి అది ఈత మొదలుపెట్టించే మందు. పాలిచ్చేదానికి వేస్తే పాలు తగ్గుతాయి, జబ్బుతో పోరాడే శక్తి కూడా తగ్గుతుంది.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. ఎదకి రప్పించడానికి వాడే క్లోప్రోస్టెనాల్ చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది. గర్భంతో ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. మిగతావాళ్లూ గ్లౌజులు వేసుకునే తీయాలి, పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. పెయ్య దూడలకి వేసే బ్రూసెల్లా టీకా ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవి, ఆ సూది నీకు గుచ్చుకుంటే నీకు జబ్బు వస్తుంది. గుచ్చుకుంటే దాచుకోకుండా అదే రోజు మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ టీకానో చెప్పు.

యాంటీబయాటిక్‌కి టైము ఎందుకు పాటించాలో అర్థమైతే రైతుకి కూడా నచ్చజెప్పగలవు. పెన్సిలిన్ జాతి మందులు రక్తంలో ఎంతసేపు నిలిచి ఉంటే అంత పనిచేస్తాయి. ఉట్టి క్రిస్టలైన్ పెన్సిలిన్ కొన్ని గంటల్లోనే మూత్రంలో పోతుంది, ప్రొకైన్ కలిపింది నెమ్మదిగా ఇంకుతూ దాదాపు ఒక రోజు ఉంటుంది. ఒక రోజు డోసు తప్పితే సూక్ష్మజీవులకి తేరుకునే టైము ఇచ్చినట్టే. జెంటామైసిన్, ఎన్రోఫ్లోక్సాసిన్ అలా కాదు, ఒక్కసారిగా ఎంత ఎత్తుకి వెళ్తే అంత బాగా చంపుతాయి కాబట్టి రోజుకి ఒకే డోసు, పూర్తి డోసు. దాన్ని పొద్దున సగం సాయంత్రం సగం అని విడగొడితే రెండు సార్లూ చాలదు.

పశువు ఒంట్లోకి వెళ్లిన మందు పాలలోకీ వస్తుంది. లేబుల్ మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉండాలి. రాయకపోతే డ్రగ్స్ రూల్స్‌లో 97వ రూల్ ప్రకారం పాలకీ గుడ్లకీ కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. చేపలకైతే 500 డిగ్రీ రోజులు, అంటే చెరువు నీళ్లు 28 డిగ్రీలుంటే సుమారు 18 రోజులు, నెల్లూరు వైపు చెరువుల వాళ్లకి ఇది బాగా తెలుసు. పొదుగులో ఒక చన్నులోకి ట్యూబు ఎక్కించి "ఆ చన్ను పాలే పారబోస్తా" అంటారు, అది సరిపోదు, మందు రక్తంలో కలిసి మిగతా మూడింటిలోకీ వస్తుంది. కాచితే పోతుందనేది కూడా తప్పు. పాలకేంద్రంలో పోసే బర్రె పాలు వారం పారబోయమంటే రైతుకి బాధే, ఆ బాధ నిజమైందే, దానికోసం అబద్ధం చెప్పకు. నేనైతే మందు వేయకముందే చెప్పేవాణ్ణి, తక్కువ రోజులు ఆగాల్సిన మందు ఏదైనా కుదురుతుందా అని చూసేవాణ్ణి. ఆ పాలు తోడేస్తే పెరుగు సరిగా తోడుకోదు, అది ఆ ఇంటి ఆడవాళ్లకి చెప్తే ఠక్కున అర్థమవుతుంది. జెంటామైసిన్ మూత్రపిండాల్లో నెలల తరబడి ఉండిపోతుంది, కోతకి పోయే పశువుకి దాన్ని వద్దని డాక్టర్‌కి గుర్తుచెయ్యి.

పురుగుమందు తాగిన పశువులు పొగాకు, మిరప పొలాల వైపు నుంచి వస్తుంటాయి. స్ప్రేయర్ కడిగిన నీళ్లు తాగినవి కొన్ని, పిడుదులకని మోనోక్రోటోఫాస్ ఒంటికి పూసినవి కొన్ని. చొంగ, కన్నీళ్లు, పారడం, కంటి పాప సూది మొనలా కుంచించుకుపోవడం, కండలు వణకడం కనిపిస్తే డాక్టర్‌కీ పశువుల అంబులెన్స్ నంబరు 1962కీ ఫోన్ చేసి, పూసిన మందైతే సబ్బునీళ్లతో ఒళ్లు కడిగించు. విరుగుడు అట్రోపిన్. మనుషులకి వచ్చే చిన్న ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రామే ఉంటుంది. 300 కేజీల ఆవుకి కేజీకి 0.2 చొప్పున 60 మిల్లీగ్రాములు కావాలి, అంటే అలాంటి ఆంపూల్స్ వంద. అందుకే ఊళ్లో దొరికిన నాలుగైదు ఆంపూల్స్ వేసి పనిచేయలేదంటారు. డాక్టర్ ఇందులో కొంత నరానికి, మిగతాది చర్మం కింద ఇప్పిస్తాడు, చొంగ ఆరేదాకా చూసి మళ్లీ ఇప్పిస్తాడు. కానీ తాగింది ఏ మందో డబ్బా తెప్పించి చూడు. పిడుదులకి వాడే అమిట్రాజ్ అయితే అది వేరే రకం విషం, అట్రోపిన్ దానికి విరుగుడు కాదు, పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఎండాకాలం మన దగ్గర 40 దాటుతుంది, బండి డిక్కీలో ఇంకా ఎక్కువ. చాలా మందులు 25 లేదా 30 లోపు ఉంచమని రాసి ఉంటాయి. ఆక్సిటెట్రాసైక్లిన్ నల్లబడితే పారెయ్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య. గాలికుంటు టీకా గడ్డకడితే పనికిరాదు కాబట్టి ఐసుకి ఆనించి పెట్టొద్దు. పారుడు రోగం టీకా పొడిని చల్లటి ద్రవంలోనే కలపాలి, కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి, మంద మొత్తం దొడ్లోకి వచ్చాకే కలుపు. ఆ సిరంజిని స్పిరిట్‌తో తుడవకు, టీకాలో ఉన్న వైరస్ చచ్చిపోతుంది.

పెన్సిలిన్ వేసినా టీకా వేసినా అరగంట అక్కడే ఉండు. ముఖం వాచి, ఒళ్లు దద్దులెక్కి, ఊపిరాడక పశువు తూలితే అడ్రినలిన్ కావాలి, ఎంఎల్‌కి ఒక మిల్లీగ్రాము ఉన్న ఆంపూల్ నుంచి వంద కేజీలకి ఒక ఎంఎల్ చొప్పున కండకి. అది అల్మారాలో కాదు, నీ సంచిలో ఉండాలి. ఎంత వేయాలో, ఫోన్ అందకపోతే ఏం చేయాలో ముందే డాక్టర్ దగ్గర రాయించుకుని సంచి మూతకి అంటించుకో.

చదవడం ఎలా అన్నావు కదా. పుస్తకం మొదటి పేజీ నుంచి కాదు, మీ అల్మారాలోంచి మొదలుపెట్టు. రోజుకి ఒక సీసా తీసి నోట్‌బుక్‌లో ఒక పేజీ దానికి ఇవ్వు. లోపలున్న మందు అసలు పేరు, కంపెనీ పేరు కాదు, ఎంఎల్‌కి ఎంత, ఆవుకీ గొర్రెకీ కేజీకి ఎంత, ఏ దారి, చూడిదానికి వేయొచ్చా, పాలు ఎన్నాళ్లు ఆపాలి, ఎక్కువైతే ఏం కనిపిస్తుంది, దానికి విరుగుడేమిటి. తర్వాత పుస్తకం తీసి ఆ ఒక్క మందు దగ్గర చదువు, అప్పుడు ఎక్కుతుంది. డాక్టర్‌గారు సెంటర్‌కి వచ్చిన రోజు ఆ పేజీలు చూపించి తప్పులు దిద్దించుకో.

ఇక నువ్వు అడిగిన పాల ఇంజెక్షన్, అదే ఆక్సిటోసిన్. దూడ చచ్చిపోయింది, బర్రె చేపడం లేదు, ఒక్క సూది వేయమని బతిమాలతారు. వేయొద్దు. ఆ మందు రక్తంలో కొన్ని నిమిషాలే ఉంటుంది, వేయగానే పాలు దిగుతాయి, అందుకే రైతుకి అంత నమ్మకం. రోజూ వేస్తే బర్రె దానికి అలవాటుపడి సూది లేకపోతే చేపదు. పశువుకి హాని చేసేలా పాల కోసం ఇంజెక్షన్ వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు, పశువుని కూడా స్వాధీనం చేసుకోవచ్చు. ఆక్సిటోసిన్‌కి దాని పని ఉంది, ఈనేటప్పుడు నొప్పులు ఆగిపోతేనో, ఈనాక గర్భసంచి ముడుచుకోకపోతేనో డాక్టర్ వాడతాడు. దూడ లేని బర్రెకి వేరే దారి చెప్పు. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకి, అదే చోట పితకాలి. ముందు గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి రెండు నిమిషాలు మెత్తగా రుద్దాలి, అప్పుడే దాణా ముందు పెట్టాలి. అరుపులు, కొత్త మనుషులు, కర్ర పట్టుకునేవాళ్లు దగ్గర ఉండకూడదు, బెదిరిన పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి పాలు దిగనివ్వదు. మొదటి కొన్ని రోజులు పాలు తగ్గుతాయని ముందే చెప్పు, లేకపోతే రెండో రోజే సూది కోసం ఇంకొకరి దగ్గరికి పోతాడు.